రోడ్డు మీద రాళ్లు

పేరుకది స్టేట్ హైవే. కోతలైతే మాత్రం మండపేట చుట్టుపక్కల రైతులకి అదే కళ్లం. తారు మీద సగం మేర ధాన్యం ఆరబోస్తారు. దాని మీదికి బస్సులెక్కకుండా అంచు వెంట రాళ్లు పేర్చి, రోజంతా ఎండలో కాళ్లతో గింజలు తిరగేస్తూ నడవడం వీరదుర్గ కూలిపని. లారీ పోయినప్పుడల్లా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చెదిరిన గింజల్ని మళ్లీ లోపలికి ఊడుస్తుంది. సాయంత్రం ధాన్యం బస్తాలకెత్తాక, పట్టేసిన నడుంతోనే వంగి ఒక్కో రాయీ తీసి గట్టుకి చేరుస్తుంది.

"రేపు మళ్లీ పేర్చాలిగా, ఉండనివ్వు వీరదుర్గా," అన్నాడు రైతు జానకిరామ్.

"రేపు మళ్లీ పేరుస్తానండి," అంది తలెత్తకుండా.

నిరుడు ఇలాగే, నడుం నొప్పని ఒక్క రాయి వదిలేసి ఇంటికెళ్లింది. చీకట్లో దాన్ని గుద్దుకుని పడి మళ్లీ లేవనివాడు, మిల్లు నుంచి సైకిలు మీద వస్తున్న ఆమె మొగుడే.