నా కళ్ళ కింది నలుపు

మా అమ్మమ్మకు కళ్ళ కింద నలుపు ఉండేది. మా అమ్మకూ ఉంది. నాకు పుట్టుకతోనే వచ్చింది. చిన్నప్పుడు అది కాటుకలాగా మా ఇంటి ఆడవాళ్ళకు మాత్రమే ఉండే అందమేమో అనుకునేదాన్ని. హైస్కూల్లో చేరాకే జనం దాన్ని జబ్బు కింద లెక్కేస్తారని తెలిసింది. "ఏందే, అన్నం తింటలేవా?" అని ఒకరు, "నిద్ర పోతలేవా?" అని ఇంకొకరు అడిగేవారు. నేను కడుపునిండా తిని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే పిల్లని. ఆ మాటే చెప్పేదాన్ని. ఎవరూ నమ్మేవారు కాదు.

మాది పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యేచోట ఉన్న చిన్న ఊరు. నాన్న పాల్వంచలో షిఫ్టు పనికి వెళ్ళేవాడు. నా డిగ్రీ అయిపోయిన ఏడాది నాకు పెళ్ళిచూపులు పెట్టారు. మా ఊళ్ళో ఒకటీ అరా సెల్‌ఫోన్లు కనబడుతున్న రోజులవి. సంబంధం తెచ్చింది మా చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు. కొత్తగూడెంలో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేది. బాబాయి బొగ్గు బావిలో పనిచేసేవాడు. టౌనులో ఉంటుంది కాబట్టి ముస్తాబు సంగతులన్నీ చిన్నమ్మకే తెలుసని మా ఇంట్లో నమ్మకం.

పెళ్ళిచూపులకు ముందు రోజు మధ్యాహ్నమే సంచితో దిగింది. నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురులోకి తిప్పి చూసి, "రేపు పొద్దుగాల్నే వస్తరు. గీ కళ్ళ కింద సంగతి నేను చూస్కుంట" అంది.

సంచిలోంచి బ్లీచ్ డబ్బా తీసి, చిన్న గిన్నెలో క్రీమూ పొడీ కలిపింది. నేను డబ్బా తిప్పి చదివాను.

"చిన్నమ్మా, కళ్ళ దగ్గర పెట్టొద్దని రాసుంది."

"రాస్తరు. అన్నీ రాస్తరు. కళ్ళు మూస్కో."

మూసుకున్నాను. మొదట చల్లగా ఉంది, తర్వాత చిమచిమలాడింది, ఆ తర్వాత పచ్చిమిరపకాయ కోసిన చేత్తో కన్ను నలుపుకున్నట్టు భగ్గుమంది. "మండుతుంది" అంటే "మండితెనే పనిచేస్తున్నట్టు" అంది చిన్నమ్మ. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా ముఖం చూసి, చెయ్యి పట్టి బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది. ఒక చేత్తో బోరింగు కొడుతూ ఇంకో చేత్తో నీళ్ళు నా ముఖం మీద చల్లింది.

తెల్లారేసరికి కళ్ళ కింద ఎర్రగా వాచి, చర్మం ఉల్లిపొరలా లేచింది. చిన్నమ్మ భయపడిందేమో కానీ బయటపడలేదు. దానిమీదే తెల్లటి మేకప్ క్రీము మందంగా పూసింది, పైన పౌడరద్దింది. అద్దంలో చూసుకున్నాను. లేచిన పొరల్లో క్రీము ఇరుక్కుని, పాత గోడకు సున్నం వేస్తే పెచ్చులు లేచినట్టుంది. కాస్త నవ్వి చూశాను. ఇంకా పగిలింది.

అప్పుడే వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది. చిన్నమ్మ ఎదురెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళి తొట్టిలో నీళ్ళతో ముఖం కడిగేశాను. కడుగుతుంటే మంటకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చీర కొంగుతో అద్దుకుని, ఆ ఎరుపుతో, ఆ నలుపుతో అలాగే ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. చిన్నమ్మ చూపు నామీద పడింది. నేను తల దించుకోలేదు.

అబ్బాయి తల్లి అడిగింది, "ఏమైంది బిడ్డా కళ్ళకు?"

"బ్లీచ్ పెడితే కాలింది. నలుపు మాత్రం పుట్టినప్పటి నుంచే ఉంది. అది పోదు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆమె మాత్రం తాపీగా, "కాలిందా? కొబ్బరినూనె రాయి" అని చెప్పి, లడ్డూ తిని, మంచినీళ్ళు తాగి లేచింది. తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదు.

"నీ నోటి దూలకు సంబంధం పోయింది" అంది చిన్నమ్మ.

"నోటికి పోలే చిన్నమ్మా, నీ బ్లీచ్‌కు పోయింది" అన్నాను. చాలాకాలం ఆమె నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మంట తగ్గకపోతే అమ్మ నన్ను కొత్తగూడెంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చూసి, "కంటి కింద చర్మం ఒళ్ళంతట్లోకీ పల్చన. దాన్ని రుద్దకూడదు, లాగకూడదు. చల్లటి నీళ్ళు, నేనిచ్చే ఆయింట్‌మెంట్. ఇంకేం పెట్టొద్దు" అంది. నలుపు పోతుందా అని అడిగాను. డాక్టరమ్మ నా వెనక నిలబడ్డ అమ్మ ముఖం చూసింది. "అమ్మ పోలికే కదా. ఎక్కడికి పోతుంది? అది జబ్బు కాదు."

తిరుగు బస్సులో పాల్వంచ దాటాక అమ్మ అంది, "నా పెండ్లప్పుడు గీ మాట ఎవలన్న చెప్తె ఎంత మంచిగుండు. కొంగు అడ్డం పెట్టుకునే ఇన్నేండ్లు మాట్లాడిన."

అప్పటిదాకా నేను గమనించనే లేదు. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు అమ్మ కొంగు చివర ఎప్పుడూ చెంప దగ్గరే ఉండేది.

అమ్మ అన్నేళ్ళు ముఖం దాచుకుందన్న కోపంతోనే, ఎవరి కళ్ళూ కాల్చకుండా ఈ పని చేసి చూపించాలని నేను ఖమ్మం వెళ్ళి బ్యూటీషియన్ కోర్సు నేర్చుకున్నాను. ఈ కళ్ళతో ఆ పనేందని ఊళ్ళో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. పాల్వంచలో ఒక పార్లర్‌లో పని దొరికింది. చేరిన కొత్తలోనే మేడమ్ పిలిచి చెప్పింది.

"కౌంటర్ కాడ కూసున్నప్పుడు కళ్ళ కింద ఏదన్న వేస్కో. మన క్రీములు పనిచేస్తలేవనుకుంటరు."

"పనిచేస్తలేవు కద మేడమ్."

మేడమ్ నన్ను కౌంటర్ మీంచి తీసి లోపలి గదిలో పెళ్ళికూతుళ్ళ పనికి వేసింది. అది శిక్ష అనుకుంది. నాకది వరమైంది.

పెళ్ళికూతుళ్ళు ఎలాంటెలాంటి కళ్ళతో వచ్చేవారో! ఒకామె నిమ్మకాయ రుద్దుకుని వచ్చేది, ఇంకొకామె టూత్‌పేస్టు రాసుకుని. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో వచ్చేవాళ్ళూ ఉండేవారు. అందరికీ ముందు చేసేది ఒకటే. ముఖం కడిగించి, మెత్తటి గుడ్డతో అద్ది, కుండనీళ్ళలో తడిపిన దూదిని మూసిన కళ్ళ మీద పెట్టి కాసేపు వదిలేయడం. తర్వాత ఉంగరం వేలితో మాత్రమే, ఆ వేలికి బలం తక్కువ కాబట్టి, రవ్వంత బాదం నూనె ముక్కు పక్కనుంచి కణత వైపు తట్టుకుంటూ వెళ్ళడం. అది ఇంకేదాకా ఆగడం. మిగిలిన జిడ్డును పల్చటి కాగితంతో అద్దేయడం. ఆ తర్వాతే మేకప్, అదీ పల్చగా. ఎర్రగా ఉన్నా, పుండున్నా అసలు ముట్టుకునేదాన్ని కాదు. "తగ్గినాక రా" అని పంపించేదాన్ని. పెళ్ళి రేపే అని తల్లులు మొత్తుకున్నా వినేదాన్ని కాదు; కళ్ళ కింద వదిలేసి మిగతా ముఖానికే వేసేదాన్ని.

మేడమ్ గొణిగేది. కానీ పెళ్ళి ఫోటోలు వచ్చాక, నా చేతి మేకప్ పగలలేదని జనమే వచ్చి చెప్పసాగారు. మణుగూరు నుంచి, అశ్వాపురం నుంచి వచ్చి "కళ్ళ కింద నల్లగుంటది, గా అమ్మాయే కావాలె" అని అడిగేవారు. అలా గుర్తుపట్టడం నాకేమీ చిన్నతనంగా అనిపించలేదు.

ఒకసారి మధిర వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పెళ్ళికొడుకుది భద్రాచలం, పెళ్ళి అక్కడే; దారిలో పాల్వంచలో ఆగారు. అమ్మాయి ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలు చేసి చేసి కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నేను దూది తడుపుతుంటే తల్లి అంది, "ఇవన్నీ ఎందుకమ్మా, మందంగా తెల్లగా కొట్టెయ్. ఆ నలుపు అసలు కనపడకూడదు."

"పల్చగ వేస్తనమ్మా. కొంచెం తగ్గినట్టుంటది. మొత్తం పోదు."

"అత్తగారు వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"డ్యూటీ చేస్తదనుకుంటరు."

తల్లికి కోపం వచ్చింది. "నీకున్నదే నువ్వు పోగొట్టుకోలేదు, మా పిల్లకేం చేస్తావు? లేవవే, వేరేచోటికి పోదాం" అని సంచి భుజాన వేసుకుంది.

నేను తడి దూది చేత్తో పట్టుకుని నిలబడ్డాను. బతిమాలలేదు. మేడమ్ గుమ్మంలోకి వచ్చి నావైపు ఉరిమి చూస్తోంది.

ఆ అమ్మాయి కుర్చీలోంచి కదల్లేదు. అద్దంలో మొదట తన కళ్ళు చూసుకుంది, తర్వాత నావి చూసింది. "అమ్మా, నువ్వు కాసేపు బయట కూర్చో" అని, కుర్చీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.