రెండోసారి ఆమెన్

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, మా అల్వాల్ చర్చిలో ఒక డాక్టరమ్మ మతిమరుపు జబ్బు గురించి మాట్లాడారు. ‘మీ ఇళ్లలో మొదట ఏం గమనించారు?’ అని అడిగితే ఒకరు తాళాలన్నారు, ఒకరు కళ్లజోడన్నారు. నేను ‘భోజనం ముందు ప్రార్థన’ అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వరు, చల్లారిన అన్నం తిన్నది వాళ్లు కాదుగా!

మా ఇంట్లో పెద్దవాళ్లు ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ముట్టరు. ఆ పెద్దరికం మా అత్తగారిది. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు. ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి, చివర్లో ‘ఈ అన్నం వండిన నా కోడల్ని దీవించు తండ్రీ’ అనేవారు. నా వంటను ఆవిడ మెచ్చుకునేది అక్కడొక్కచోటే, కళ్లు తెరిచాక ఉప్పు తక్కువనేవారు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఆమెన్ అని, కళ్లు తెరిచి, పప్పు వంక చూసి, మళ్లీ కళ్లు మూసుకున్నారు. మొదటినుంచీ మొత్తం ప్రార్థన! తర్వాత అది రోజువారీ అయింది. ‘అయిపోయింది కదా అత్తయ్యా’ అంటే ‘దేవుడి దగ్గర తొందరేంటమ్మా?’ అని నన్నే గదిమేవారు. నెయ్యి గడ్డకట్టేది, అప్పడాలు మెత్తబడేవి, నా ప్రాణం విసిగిపోయేది.

అంతకంటే విసుగు మా ఆయనతో. డాక్టరుకు చూపిద్దామంటే ‘అమ్మకేమైంది? భక్తి ఎక్కువైంది, అంతే. నీకే ఓపిక లేదు’ అనేవారు. పక్కింటావిడా ఆయన వైపే. ‘వయసైతే గంతే అక్కా, జెర ఓపిక పట్టు. ప్రార్థనకు సుత పరేషాన్ ఐతవా?’ అనేది. ఒళ్లు మండిపోయేది. జ్వరమొస్తే ఆస్పత్రికి పరుగెత్తే మనుషులు మతి పోతుంటే భక్తి అని ఎందుకు సర్దిచెప్పుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒకరోజు వంకాయ కూర వడ్డించాను. అత్తగారు అందరి పేర్లూ చెప్పి, నా వంతు దగ్గర ఆగారు. ‘తండ్రీ, ఈ అన్నం వండిన అమ్మాయి ఎవరో... ఎవరి బిడ్డో... ఆమెను దీవించు’ అన్నారు. కళ్లు తెరిస్తే మా ఆయన నా వంకే చూస్తున్నారు, కళ్లనిండా నీళ్లతో. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు బయల్దేరాం. ‘పూర్తిగా నయమయ్యేది కాదు గానీ, ముందే తీసుకొస్తే బాగుండేది’ అన్నారు డాక్టరు. ఆ మాట నేనెప్పటినుంచో అంటున్నదే.

ఇప్పటికీ విసుక్కుంటూనే కూర మళ్లీ వేడి చేస్తాను. కానీ మొదటి ప్రార్థనలో కోడలు లేకపోతే రెండోదాంట్లోనైనా ఉంటుందేమోనని నేనే ఎదురుచూస్తున్నాను. ఆవిడకు నేను గుర్తున్న ఆ భోజనాల వేళలు ఎంతకీ తెమలవని విసుక్కున్నానే గానీ, అవి అయిపోతున్నాయని అనుకోలేదు.