గుంటలో ఉప్పు

మొన్న మా కొత్త షెడ్డుకు ఎర్త్ గుంట తవ్వి బొగ్గూ ఉప్పూ పోస్తుంటే, ఆ తడి వాసనకు మా ఎర్రావు కెంపి గుర్తొచ్చింది.

చింతామణి దగ్గర మా ఊళ్ళో, కెంపి ఒక్కదాన్నే కట్టే షెడ్డుకు లైటు పెట్టిన రోజు నుంచి అది లోపలికి రానని మొరాయించేది. "దానికి దయ్యం కనపడ్తాండాది," అని అవ్వ గుమ్మం బయట ఉప్పుతో దిష్టి తీసింది. నాయన కట్టెతో బాది లోపలికి తోలేవాడు. అది వణుకుతూ నిలబడేది.

చివరికి వైరింగు చేసే మామ వచ్చి ఇనుప కంబానికి టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది. "తడినేల్లోకి కరెంటు దిగుతాండాదప్పా. ఎర్త్ యాడ ఏసినారు?" అన్నాడు. నాయన గడ్డపార తెచ్చాడు.

తీగ మార్చి, గుంట తవ్వి ఉప్పు పోశాక కెంపి తనంతట తానే నడిచి వచ్చింది. దయ్యాన్ని ఆ గుంటలో పూడ్చేశారని చాన్నాళ్ళు నమ్మాను.

మేమంతా చెప్పులేసుకునే ఆ షెడ్డులో తిరిగాం. చెప్పుల్లేనిది కెంపి ఒక్కటే.