కోడికాలు గుర్తు

మా నాయన సముద్రాన్ని మొదటిసారి చూసింది అండమాన్‌లో. చూసి ఐదు నిమిషాలు కాకముందే దానికి వీపు తిప్పి, మేము దిగిన గెస్ట్ హౌస్ వరండాలో గొంతుక్కూర్చుని, నేలను వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గి వినడం మొదలుపెట్టాడు.

అక్కడికి తీసుకుపోయింది నేనే. నేను వికారాబాద్‌లో బడి పంతులమ్మను, మా అమ్మానాయనలు తాండూరులో ఉంటారు. ఇద్దరూ బండల గనిలో పని చేసినవాళ్ళు. నాయన ఉలీ సుత్తీ పెట్టి పొర పొరగా బండ లేపేవాడు, అమ్మ మోసేది. పని మానేసి చాలా ఏళ్ళయినా ఎక్కడికీ పోయింది లేదు. ఈసారి క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజులు ఎటైనా పోదామంటే అమ్మ ఒకటే షరతు పెట్టింది, బండ కనబడని చోటికి తీసుకుపొమ్మని. న్యాయమైన కోరికే. తాండూరులో మా గోడలు బండలు, అరుగులు బండలు, బట్టలుతికేది బండ, ఆఖరికి మా బాత్రూముకు తలుపు పక్కన అడ్డం నిలబెట్టిందీ బండే. దీవి అయితే అంతా ఇసుకా కొబ్బరిచెట్లూ ఉంటాయి కదా అనుకున్నాను. వరండాలో ఏం పరిచారో ఫోటోల్లో చూసుకోవాలని నాకు తోస్తుందా?

పండక్కి చేసిన గరిజెలూ, డబ్బాడు కందిపొడీ కట్టుకుని రైలెక్కి, ఆపైన విమానమెక్కాం. మొదటిరోజు ఆ పేరుమోసిన జైలు చూడడానికి పోయాం. జనమంతా ఖైదీల గదుల్లోకి తొంగి చూసి, ఇంత ఇరుకులో మనిషి ఎట్లా బతికాడని తల్లడిల్లుతుంటే, మా నాయన గడప దగ్గర వంగి, ఆ రాయిని ఏ ఉలితో చెక్కారో చూస్తున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాకు చిరాకేసింది. కానీ ఆయన తలెత్తి, ఇది చెక్కినవాళ్ళు కూడా ఖైదీలేనా అని అడిగాడు. నలభై మంది ఉన్న ఆ గుంపులో ఆ ప్రశ్న వేసింది ఆయనొక్కడే.

గెస్ట్ హౌస్ తెల్లదొరల కాలం నాటి చెక్క బంగళా. వరండా నేల మాత్రం తరవాత వేసింది, నీలం రాతి పలకలు. నాయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఒక పలక మీద పోశాడు. తడి ఆరేదాకా దాన్నే చూసి తీర్పు చెప్పాడు.

“గిది మన తాండూరు బండ, బిడ్డా. షాబాద్‌ది గాదు. తడిపితే రంగు జెప్తది.”

నేను నమ్మలేదు. అయినా ఆ మాట పురుగులా దొలిచింది. మా ఊరి రాయి ఇన్ని నీళ్ళు దాటి ఎట్లా వచ్చినట్టు? బంగళా చూసుకునే పెద్దాయనను అడిగాను. ఆయన తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. తాను పనిలో చేరిన కొత్తలో పాత నేల పీకేసి ఈ పలకలు వేశారనీ, మద్రాసు నుంచి ఓడలో దిగాయనీ, ఏ ఊరివో మాత్రం తెలియదనీ చెప్పాడు. నాయన ఏదో లెక్కేసుకున్నాడు. అవి ఆయన గనిలో జోరుగా పని చేసిన ఏళ్ళు. ఆ సాయంత్రం ఇక ఆయనకు అన్నం సయించలేదు.

ఎందుకో నాకు తెలుసు. గనిలో ఒక్కో జట్టుకు ఒక్కో గుర్తు ఉండేది. నాలుగు జట్ల బండలు ఒకేచోట పేరుస్తారు కాబట్టి కలిసిపోకుండా ప్రతి బండ వెనక, మూల దగ్గర, చిన్న ఉలితో ఆ గుర్తు చెక్కేవాళ్ళు. మాది కోడికాలు, మూడు గీతలు విచ్చుకుని కింద ఒక్కటై కలుస్తాయి. లేపేది నాయన, గుర్తు చెక్కేది అమ్మ. బండ లారీ ఎక్కిందంటే ఇక దాని ముఖం చూసేది లేదు. తన చేతి బండ ఎక్కడైనా పరిచి ఉండగా ఒక్కసారి చూడాలని నాయనకు ఎప్పటినుంచో ఆశ. నా చిన్నప్పుడు చుట్టాలింటికి పోయినా, దవాఖానకు పోయినా ముందు నేల చూసేవాడు. గుర్తేమో అడుగు వైపు ఉంటుంది, పరిచిన బండను తిప్పి చూపమని ఎవర్ని అడుగుతాడు?

మర్నాడు పొద్దున అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, నీళ్ళు నడుము దాకా వచ్చేచోట సముద్రంలో కూర్చుంది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వుతోంది. రమ్మని నాయనను పిలిచింది. ఆయన పోలేదు. వరండా మెట్ల దగ్గర ఒక పలక కాలు పెడితే కదులుతోంది. దాన్ని తీసి సరిగ్గా పెడతానని పెద్దాయనతో బేరం పెట్టాడు. సెలవు గడపడానికొచ్చి నేల తవ్వుతానంటున్నాడని నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన ఆ పలక వంకా, మా నాయన చేతుల వంకా చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచో ఊగుతాది బాబూ. మేస్త్రీ రేపూ మాపూ అంటన్నాడు. నువ్వే తియ్యి,” అని గడ్డపారా, పాత పనిముట్ల డబ్బా తెచ్చిచ్చాడు.

నాయనకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ పలకను ఎంత మెల్లగా లేపాడంటే పక్క పలక అంచు పెచ్చు కూడా ఊడలేదు. ముగ్గురం కలిసి బోర్లించాం. నాకూ ఆశ పుట్టింది, ఎందుకు దాచాలి. మట్టి తుడిచి, నీళ్ళు పోసి చూశాం. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి. ఏ గుర్తూ లేదు.

నాయన అంచు పొడుగునా వేలు పెట్టి రాశాడు.

“మిషన్ల కోసిండ్రు. మూల గూడ పోయింది.”

అంచులు కోస్తారని ఆయనకు తెలుసు. వంకర బండను చదరంగా కోసేసరికి ఎంత మేర పోతుందో తెలియదు. గనిలో మనిషికి, బండలు కోసి నునుపు చేసే పాలిష్ షెడ్డు లోపల పనేముంటుంది? ఇప్పుడు తెలిసింది. గుర్తు ఈ ఒక్క బండకు పోవడం కాదు, ఆయన జన్మలో లేపిన బండలన్నిటికీ పోయింది. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అనవసరంగా తీసుకొచ్చాననుకున్నాను.

అమ్మ నీళ్ళలోంచి లేచి ఎప్పుడొచ్చిందో, తడిచీరతో వెనక నిలబడి ఉంది. బండ కనబడకూడదన్న మనిషి వంగి డబ్బాలో వెతికి ఒక మొద్దు ఉలీ సుత్తీ తీసింది. ఎవర్నీ అడగలేదు. బోర్లించిన పలక నట్టనడుమ, మూలకు పోకుండా, టకటకా కోడికాలు చెక్కింది. చేతికి ఇంకా అలవాటు పోలేదు. నాయన కిందంతా ఇసుక నింపి, చదును చేసి, పలకను వెల్లకిలా తిప్పి కూర్చోబెట్టాడు. అమ్మ ఎక్కి నిలబడి కాలితో తొక్కి చూసింది.

“కదుల్తలేదు,” అంది.

నాయన చేతులు కడుక్కోవడానికి సముద్రం వైపు పోయాడు. మూలలు పోతాయని నీకు ముందే తెలుసా అని అమ్మను అడిగాను. గనిలో నీళ్ళు నిండిన రెండు వానాకాలాలు తాను పాలిష్ షెడ్డులో ముక్కలు ఎత్తిపోసే పని చేశానంది. నేనప్పటికి పుట్టలేదట.

“కోసిన ముక్కల కుప్పల మన కోడికాళ్ళు మస్తు జూసిన,” అంది.

ఆ తరవాత కూడా పదిహేనేళ్ళు, రోజూ, ప్రతి బండకూ ఆమే ఆ గుర్తు చెక్కింది. మరి నాయనకు ఎందుకు చెప్పలేదన్నాను.

అమ్మ చీర కొంగు పిండుకుంటూ నీళ్ళ వైపు చూసింది. అక్కడ నాయన చేతులు కడుక్కోవడం మరిచిపోయి, మోకాళ్ళ లోతులో, అల వచ్చి వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక ఎటు జారుతోందో వంగి చూస్తున్నాడు.

“చెప్తే మల్ల తెల్లారి గనికి పోతుండెనా మీ నాయిన?” అని, ఆయన దగ్గరికి నడిచింది.