రాజారత్నం సారు జేబులోని ఉత్తరం

కోదాడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రాజారత్నం సారుకు 1995 మార్చి పదకొండున ఒక రిజిస్టరు ఉత్తరం వచ్చింది. రెండేళ్ల కిందట ఆయన అమ్మేసిన వ్యాను గురించి, దాన్ని తయారుచేసిన కంపెనీ రాసింది. కాగితాల మీద పేరు ఎవరూ మార్పించుకోలేదు కాబట్టి కంపెనీ దృష్టిలో బండి ఇంకా ఆయనదే. ఆ ఏడాది తయారైన వ్యాన్లలో ఇంజనుకు పెట్రోలు పోయే గొట్టం పగలవచ్చు, మంటలు లేవవచ్చు, బండి తెస్తే ఉచితంగా గొట్టం మారుస్తాం అని ఉంది అందులో.

"కొన్నవాళ్లకి ఓ కార్డు ముక్క రాసి పడెయ్యండి" అంది భార్య సుగుణమ్మ.

"పదో తరగతి పరీక్షలు కదా, కాస్త తీరిక దొరకనీ. నేనే వెళ్లి చెప్పొస్తాలే" అన్నాడు.

మధ్యలో మూడు ఆదివారాలు వచ్చాయి. ఒకటి చర్చిలో పెళ్లికి, రెండు నిద్రకు పోయాయి. చివరికి పంతొమ్మిదో రోజున మిర్యాలగూడ బస్సెక్కాడు. వ్యాను కొన్నది అక్కడి రైస్ మిల్లులో పనిచేసే సోమన్న.

"అది నా తాన ఏడుంది సార్! ఎప్పుడో అమ్మేసిన. చివ్వెంల దిక్కు తండాల ఫకీరా అని ఉంటడు, కిరాయికి తోల్తున్నడు" అన్నాడు సోమన్న.

సూర్యాపేటలో బస్సు మారి, ఎండలో నడిచి తండా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి ఇంటికి కొంచెం ఇవతలే వ్యాను కనిపించింది. రంగు లేదు, అద్దాలు లేవు, టైర్లు లేవు. పైన సామాను కోసం కోదాడలో తాను దగ్గరుండి వెల్డింగు చేయించిన కడ్డీల చట్రం మాత్రం వంకర తిరిగి మిగిలింది. దాన్ని చూసే గుర్తుపట్టాడు.

ఫకీరా మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు.

"ఏడికెళ్లి వచ్చిండ్రు సార్?"

"కోదాడ నుంచి. ఈ బండి ముందు నాదే. కాగితాల సంగతి మాట్లాడదామని…"

"ఇగ ఏం కాయితాలు సార్. ఆర్రోజులాయె కాలిపోయి." ఫకీరా కట్ల వైపు చూసుకున్నాడు. "మా యాడిని కండ్ల దవాఖానకు తీస్కపోతున్న. సీటు కిందికెళ్లి పొగొచ్చింది. ఆపి దుంకిన. పక్క తలుపు రాలే. మా యాడి లోపలికెళ్లి అద్దాన్ని కొట్టుడు వెట్టింది. సేతి నిండ గాజులు గద, టకటక టకటక… గా సప్పుడు ఆగినంక తలుపొచ్చింది సార్."

ఫకీరా తల్లి పేరు జమ్లీ అని, అరవై దాటాయని పక్కవాళ్లు చెప్పారు.

"తప్పు నాదే" అన్నాడు ఫకీరా. "టేప్ రికార్డర్ వైరు నేనే కలిపిన. అదే అంటుకున్నదంటున్నరు అందరు. మా బాపు నాతోని మాట్లాడ్తలేడు."

ఉత్తరం రాజారత్నం చొక్కా జేబులో ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. "జాగ్రత్త నాయనా" అని మాత్రం అని లేచి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి ఆయనకు ఆ చప్పుడు వినబడసాగింది. సుగుణమ్మ గ్లాసులో చెంచా తిప్పినా, పిల్లలు బల్ల మీద స్కేలు కొట్టినా. బోర్డు మీద రాస్తూ ఒకసారి ఆగిపోయాడు. తాను ఎన్నడూ చూడని ముసలమ్మ చివరి బెంచీలో కూర్చుని ఉందనిపించింది. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. చేతిలో సుద్దముక్క పొడైపోయింది.

మే నెల మొదట్లో మళ్లీ తండాకు వెళ్లాడు. ఈసారి కూర్చోకుండానే ఉత్తరం తీశాడు. ఫకీరా తండ్రి కిష్ట్యాను పిలిపించమన్నాడు. పదిమంది చేరారు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. గొట్టం. పెట్రోలు. మంట.

"మళ్లొక్కసారి సదువు సార్" అన్నాడు కిష్ట్యా.

చదివాడు.

"అంటే వైరు కాదా?"

"కాదనే నా నమ్మకం. కంపెనీ వాళ్లే గొట్టం పగులుతుందని రాశారు."

కిష్ట్యా కొడుకు దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేశాడు. నెలన్నర తర్వాత తొలిసారి. ఫకీరా భుజాలు కదిలిపోయాయి. ఆ తర్వాత ముసలాయన ఇటు తిరిగాడు.

"గిది నీకెప్పుడందింది?"

"మార్చి పదకొండు."

బండి కాలింది ఇరవై నాలుగున.

ఫకీరా తలెత్తాడు. "ఆ పొద్దు వచ్చినప్పుడు గీ కాయితం నీ జేబులనే ఉండెనా?"

"ఉంది."

"నేను వైరు సంగతి చెప్తాంటె ఇన్నవు."

"విన్నాను."

"ఇగ పో సార్. మల్ల రాకు."

ఉత్తరం వాళ్ల దగ్గరే వదిలి వచ్చాడు. కంపెనీకి జరిగిందంతా రాశాడు. విచారం వెలిబుచ్చుతూ నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. తర్వాత ప్రతి సాయంత్రం బడి వదలగానే కోదాడ బస్టాండు దగ్గర నిలబడి, ఆ రకం వ్యాను కనబడితే చాలు, చెయ్యెత్తి ఆపేవాడు. "ఇది ఏ సంవత్సరం బండి బాబూ? ఒకసారి గొట్టం చూపించుకోండి" అని బతిమాలేవాడు. కొందరు నవ్వారు. పైపు సారు అని పేరు పెట్టారు. ఏడుగురు మాత్రం నిజంగా మార్పించుకున్నారు. ఏడో మనిషి వచ్చి దండం పెట్టిన రోజున కూడా ఇంటికి వెళ్లి కూర్చోగానే టకటకమని వినబడింది.

1998లో ఒక రోజు రాజారత్నం సూర్యాపేట బస్టాండులో కూర్చుని ఉంటే, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఫకీరా. వేళ్లు ముడుచుకుపోయి స్టీరింగు పట్టడానికి రావని, నేరేడుచర్ల మిల్లులో కావలి ఉంటున్నానని చెప్పాడు. రాజారత్నం తల ఊపాడు.

"నిద్ర పడ్తదా సార్?" అని అడిగాడు ఫకీరా.

"లేదు."

"నాక్గూడ పడ్తలేదు."

చివ్వెంల బస్సు వచ్చింది. వేళ్లతో కడ్డీ అందక ఫకీరా మోచెయ్యి మెలిపెట్టి ఎక్కుతున్నాడు. వెనక నుంచి ఆసరా ఇవ్వబోయిన రాజారత్నం, ఏమనుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.