పై ఊళ్ల కోసం రాసిన రూలు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మీకు చెప్పగలననిపిస్తోంది.

పాడేరులో ఒక ఆఫీసు. పేరు రాయను. రాస్తే తప్పు దాని మీదికి జారుతుంది. తప్పు నాది.

నేను మైదానం వాడిని, చోడవరం వైపు. ఆ ఆఫీసులో సర్వర్ చూసుకోవడానికి కాంట్రాక్టు మీద చేరాను. కొండ ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఫోన్లో ఒక యాప్ వాడేవారు. పిల్లల బరువులు, జ్వరాలు, టీకాలు అందులోనే నింపేవారు. కాన్పు నొప్పులు మొదలైతే బండి కావాలని నొక్కేది కూడా అందులోనే. పై ఊళ్లలో ఫోన్లో మాట నిలవదు. ఏ బండ మీదో నిలబడితే కాస్త డేటా తగులుతుంది, అంతే. వాళ్లు నొక్కింది మా సర్వర్‌కి చేరి, పక్క గదిలో తెర మీద కనిపిస్తే, అక్కడున్నవాళ్లు బండి పంపేవారు.

ఒకసారి విశాఖ నుంచి పెద్ద అధికారి పని చూడ్డానికి వస్తున్నారన్నారు. అప్పటికి ఆ తెర మీద మా పేజీ తెరుచుకోవడానికే యుగం పట్టేది. ఎందుకో నాకు తెలుసు. కొయ్యూరు దిక్కున మూడు పై ఊళ్ల నుంచి బలహీనమైన సిగ్నల్ మీద పిల్లల ఫొటోలు వచ్చేవి. అవి చేరేదాకా సర్వర్ వాటి కోసం ఆగేది. వెనక వచ్చినవన్నీ ఆగేవి.

సర్వర్‌కి సెట్టింగులుంటాయి. ఎంతసేపు ఆగాలి, ఏం తీసుకోవాలి, ఎక్కడికి పంపాలి, ఏం జవాబివ్వాలి. మామూలుగా అవి అందరికీ ఒకటే. కానీ అడుగుతున్నది ఎవరో చూసి, ఆ ఒక్క రిక్వెస్టుకి మాత్రం వాటిని అప్పటికప్పుడు మార్చే వీలు కూడా ఉంది. నేను ఆ పని చేశాను. ఒక రూలు రాశాను. ఈ మూడు ఊళ్ల కోడ్లలో ఏది కనిపించినా ఫొటో కోసం ఆగొద్దు, వెంటనే 'అందింది' అని జవాబిచ్చెయ్, విషయం పక్కన పెట్టు, సాయంత్రం చూద్దాం. ఆ మూడు కోడ్లూ ఈ వేళ్లతోనే కొట్టాను.

బండి కోసం నొక్కింది కూడా ఆ దారినే వస్తుందని నాకు తట్టలేదా?

తట్టలేదనే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఈరోజు నిజం రాస్తున్నాను. తట్టింది. దానికి మినహాయింపుగా ఇంకో రెండు లైన్లు రాయాలి, రాశాక పరీక్షించాలి. మా మేనేజరు గుమ్మంలో నిలబడి ఇంకా ఎంతసేపని అడుగుతున్నాడు. మూడు ఊళ్లే కదా, ఒక్కరోజే కదా అనుకున్నాను. ఇవే ఊళ్లు పాడేరు బజారు పక్కనే ఉండుంటే, వాటిలో మా చెల్లెలు కాపురముండుంటే, ఆ రెండు లైన్లు రాసేవాడినా? రాసేవాడినే.

అధికారి వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. పేజీ చకచకా తెరుచుకుంది. రూలు మర్నాడు తీసెయ్యాలి. తియ్యలేదు. సర్వర్ తేలిగ్గా నడుస్తోంది, నాకూ హాయిగా ఉంది.

నాలుగో రోజు. కాఫీ పళ్లు కోసే కాలం, పొద్దుట్నుంచీ తుంపర. మూడింటికి పక్క గదిలో ఎవరో, కింది ఊరి నుంచి వచ్చిన ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. పై ఊళ్లో ఒక గర్భిణి డోలీలో దిగుతూ, దారిలోనే పాపని కని పోయిందట. పేరు జ్యోతి. ఇరవై దాటాయేమో. పాప బతికింది.

నేను నా కుర్చీలో కూర్చుని, పక్కన పెట్టినవాటిని తెరిచాను. ఉదయం పదకొండుకి ఒకటి. పదకొండున్నరకి మళ్లీ ఒకటి. రెండింటిలోనూ ఆ ఊరి కోడు, జ్యోతి పేరు, 'బండి కావాలి'.

రెండూ చెరిపేశాను. అవి వచ్చిన జాడ కూడా చెరిపేశాను. తర్వాత రూలు తీసేశాను. ఎంతసేపు పట్టింది? టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

వారం పోయాక ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త చిలకమ్మని విచారణకి పిలిచారు. జ్యోతి ఆమె తమ్ముడి భార్య. తడిసిన చీర కుచ్చిళ్లతో వచ్చి నా బల్ల ముందు నిలబడి, తన ఫోను నా వైపు తోసింది. ఆ యాప్‌లో జవాబు ఒక్క క్షణం కనిపించి పోతుంది, ఫోన్లో ఏమీ మిగలదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాను నొక్కినాను బాబూ. రెండుమాట్లు నొక్కినాను. అందింది అని వొచ్చింది."

నేను తెర వైపే చూస్తున్నాను.

"మావోళ్లు డోలీ కడతామన్నారు. నానే వొద్దన్నాను. బండి వొత్తాది, ఈ వానలో మొయ్యొద్దు అన్నాను. ఒంటిగంట దాకా కూకున్నాం. మీ కాడికి రానేదా?"

"రాలేదమ్మా."

"మరి అందింది అని ఎందుకు సెప్పింది?"

"సిగ్నల్ సరిగ్గా ఉండదు కదమ్మా అక్కడ. మీరు పొరపాటున ఇంకోటి నొక్కి ఉంటారు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. చదువుకున్నవాడు చెబుతున్నాడు, నిజమేమోనన్నట్టు చూసింది. ఫోను కొంగుకి తుడుచుకుని తీసుకుపోయింది. సర్వర్‌లో ఏమీ లేదని నేను రాసిచ్చిన కాగితం మీదే ఆమెని పనిలోంచి తీసేశారు.

తర్వాత నేను విశాఖ వచ్చేశాను. మంచి ఉద్యోగం, పెళ్లి. మా ఆవిడకి నొప్పులొచ్చిన రోజు ఫోన్ చేసిన పది నిమిషాలకే బండి ఇంటి ముందు ఆగింది. అందరూ సంబరపడుతుంటే నేను మేడ మెట్ల కింద నిలబడి ఏడ్చాను. భయపడ్డాననుకున్నారు.

పోయిన చలికాలం ఇక ఉండలేక వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. చింతపల్లి దాకా బస్సు, అక్కణ్నుంచి జీపు, ఆ తర్వాత నడక. చిలకమ్మ కాఫీ తోటలో కూలికి పళ్లు కోస్తోంది. ఒకప్పుడు ఊళ్లో ప్రతి కాన్పుకీ ఆమె ఉండాల్సిందేనట. ఇప్పుడు ఎవరూ పిలవరని, జీపులో పక్కన కూర్చున్న ఆ ఊరి ముసలాయన చెప్పాడు. ఆమె వెనకే బుట్ట పట్టుకుని ఒక ఐదేళ్ల గుంట నడుస్తోంది. జ్యోతి కూతురు. చిలకమ్మే పెంచుతోంది.

నన్ను గుర్తుపట్టింది. "కంపూటర్ బాబు కదా" అంది. ఇంటికి తీసుకెళ్లి చోడి అంబలి, అదే రాగి జావ, పోసింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆ మాట నోటి దాకా వచ్చింది.

అప్పుడామె తనే అంది. "నాకూ ఇప్పుడు అనుమానమే బాబూ. తప్పు నానే నొక్కినానేమో. అందింది అని కనపడిందనుకున్నానేమో. ఆలోసించి ఆలోసించి, ఏది నిజమో నాకే తెలవకుండా పోయింది."

అంబలి తాగాను. గిన్నె కింద పెట్టాను. జీపు దొరకదేమోనని చెప్పి లేచి వచ్చేశాను.

ఒక మనిషిని చావుకి వదిలేశాను. ఇంకో మనిషి నుంచి, ఆమె తన కళ్లతో చూసిన నిజాన్ని కూడా లాక్కున్నాను. రెండోది మరీ ఘోరమేమో. దాన్ని ఆమెకి తిరిగి ఇవ్వడానికి ఒక్క వాక్యం చాలు, అది నా దగ్గరే ఉంది, అయినా ఆమె అంబలి తాగి వచ్చాను. పిరికివాణ్ని. మళ్లీ వెళ్తానా? వెళ్తానని మీతో అంటే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఈ కాస్తా వినండి.

చిలకమ్మ సరిగ్గానే నొక్కింది. రెండుసార్లూ సరిగ్గానే నొక్కింది. నేను చూశాను. చూసి చెరిపేశాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి పొద్దుట్నుంచి ఇప్పటిదాకా పట్టింది. పక్క గదిలో మా పాప బొమ్మలతో ఆడుకుంటోంది. ఆరేళ్లలో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. పీల్చుకున్నందుకు సిగ్గుగానూ ఉంది.