నూకాలప్ప ముందుగది

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే కొత్త గోడలకు నీళ్లు కొడితే తడిసిన సిమెంటు వాసన నా మంచం దాకా వస్తుంది. ఆ వాసనకి నూకాలప్ప వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది. రాయడం నాకు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో, కూర్మన్నపాలెం దగ్గర మా ఆడకూలీల గుంపుకు నూకాలప్ప పెద్ద. సొంత అక్క కాదు, మా వైపు పెద్దదాన్ని అప్ప అంటాం. మొగుడు లేడు, పిల్లల్లేరు. పగలంతా కాంక్రీటు తట్టలు మోసి, సాయంత్రం ముక్క ఇటుకలు ఏరుకుని తన ఇంటి గోడ తానే లేపుకునేది. మేం నవ్వేవాళ్లం.

"ఒంటి ప్రాణానికి ఇల్లెందుకే అప్పా? అద్దెగది సాలదేటి?"

"నీ అద్దెగదిలో గోడకి మేకు కొట్టి సూడు, తెలుత్తాది."

నిజమే, మా ఇంటావిడ మేకు కొట్టనిచ్చేది కాదు. చుట్టం రెండోరోజు కూడా ఉంటే నూతి దగ్గర బిందెల చప్పుడు పెంచేది. నాకవి పెద్ద కష్టాలనిపించలేదు. నెల తిరిగేసరికి అద్దె ఇస్తున్నాం, తలుపు వేసుకుని పడుకుంటున్నాం, ఇక ఇది మా ఇల్లు కాకపోతే ఏమిటి అనుకున్నాను.

మా ఆయన పోర్టులో సరుకు మోసే కళాసీ. ఊపిరితిత్తులు చెడిపోయాయి. పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రిక్షా గుమ్మం ముందు ఆగేసరికి ఇంటావిడ తలుపుకు అడ్డంగా నిలబడింది. చెడ్డమనిషి కాదు, నాకు జ్వరమొస్తే గంజి కాచిపెట్టిన మనిషే.

"కోపం తెచ్చుకోకమ్మా. ఇక్కడ పోయాడంటే, నక్షత్రం మంచిది కాకపోతే, ఆర్నెల్లు ఇల్లు తాళమేసి పాడుపెట్టాలి. మా పిల్లకి ముహూర్తం పెట్టుకున్నాం."

మా ఆయన అంతా విన్నాడు. "ఎక్కడికెళ్దామే?" అని నన్నడిగాడు.

పని దిగి వస్తున్న నూకాలప్ప, సిమెంటు చేతులతోనే రిక్షా పట్టుకుంది. "మా ఇంటికి పోనీ" అంది.

"అప్పా, నక్షత్రం..."

"పాడెడితే నా ఇల్లే కదే పాడెడతాను. ఒకల కాళ్లట్టుకోవాలేటి?"

పూత పడని ముందుగదిలో మంచం వేసింది. ఆయన అటూ ఇటూ చూసి, "గోడ వంకరగా ఉందే" అన్నాడు.

"పడుకుని సూత్తే వంకరగానే ఉంతాది మరిదీ. లెగిసి సూడు" అంది. ఆయన నవ్వాడు.

ఆ వారంలోనే పోయాడు. నక్షత్రం చెడ్డదే అయింది. పంతులు చెప్పినట్టు అప్ప ఇంటికి తాళం వేసి, పెరట్లో తాటాకు పాక వేసుకుని, నన్నూ నా పిల్లనూ అందులోనే ఉంచుకుంది. వానకు పాక కారితే నా వల్లే కదా అని ఏడ్చేదాన్ని.

"నా ఇంట్లోంచి నానే బయటికొచ్చాను. నన్నెవలూ గెంటలేదు కదే" అనేది, బొచ్చె ఒకటి కారేచోట పెడుతూ.

తర్వాత నేనూ ఇల్లు కట్టుకున్నాను. అద్దె తప్పింది, ఖాళీ చెయ్యమనేవాళ్లు లేరు. ఆ లాభాలు అందరికీ తెలిసినవే. పోయినేడు మా వెనక గదిలో అద్దెకున్న అబ్బాయి, ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే వాళ్లమ్మను తెచ్చాడు. ఆవిడను ఆటోలోంచి దింపకుండా గేటు బయటే నిలబడిపోయాడు. నన్ను ఏమని అడగాలో అతనికి తెలియలేదు.

"మంచం కిటికీ కింద వెయ్యి బాబూ" అన్నాను. "గాలొత్తాది."